వాత పెట్టేటప్పుడు అరవకూడదు

"ఎక్కడైనా మండుతోందా అని అడుగు" అన్నారు డాక్టరు మేఘన.

నేను మైకు దగ్గరికి వంగి అదే మాట తెలుగులో అడిగాను. అద్దానికి అవతల, పెద్ద మిషన్ కింద పడుకున్న పెద్దమ్మ కళ్లు తెరవలేదు.

"లేదని చెప్పు. సల్లగా ఉండాది."

నేను కన్నడంలో చెప్పాను. డాక్టరు తల ఊపి తెర వైపు తిరిగారు.

మా పెద్దమ్మ పేరు భాగీరథమ్మ. పుంగనూరు దగ్గర మా ఊళ్లో పూలు కట్టి అమ్మేది. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వస్తే రేడియేషన్ కరెంటు పెట్టించాం, మందులు ఎక్కించాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఇక మా చేతిలో ఏమీ లేదన్న డాక్టర్లే, బెంగళూరులో ఒక కొత్త వైద్యాన్ని పరీక్షించి చూస్తున్నారని ఇక్కడికి పంపారు. కంటికి కనిపించనంత సన్నటి ఇనుప రేణువులను సూదితో గడ్డలోకి ఎక్కిస్తారు. తర్వాత ఈ మిషన్ అయస్కాంత శక్తిని పంపుతుంది. రేణువులు వేడెక్కి గడ్డను లోపలినుంచే కాలుస్తాయి. గుణమిస్తుందో లేదో తమకూ పూర్తిగా తెలియదని డాక్టరు దాచకుండా చెప్పారు.

పెద్దమ్మకు కన్నడం రాదు, డాక్టరుకు తెలుగు రాదు. నేను బెంగళూరులోనే, కాడుగోడిలో పెద్దమ్మ కొడుకు మునిరాజన్న ఇంట్లో ఉంటూ హూడిలో బట్టల కొట్లో పని చేస్తున్నాను కాబట్టి నాకు రెండూ వచ్చు. అందుకే నన్ను అద్దం ఇవతల కూర్చోబెట్టారు.

పొద్దున పెద్దమ్మ ముక్కుపుడక ఊడి రాకపోతే సబ్బు నురగ రాసి తీశాను. ఒంటిమీద ఇనుము, బంగారం ఏదీ ఉండకూడదు. అప్పుడు పెద్దమ్మ తన ముంజేతి మీది పాత మచ్చ చూపించింది.

"కామెర్లొచ్చినప్పుడు మాయవ్వ పెట్టిన వాత ఇది. అరిస్తే రోగం పోదనింది. నేను కిక్కురుమనలా. మీయమ్మ ఊరంతా ఇనపడేట్టు అరిచింది. దానికి మళ్లా పెట్టాల్సొచ్చె."

"ఇది వాత కాదు పెద్దమ్మా. మండితే చెప్పాలంట."

"నువ్వు పెద్ద డాక్టరమ్మవి మరి. నేనేం చెప్తే అది చెప్పు, సొంత కవిత్వం కలపొద్దు."

తన ఆటోలో దింపుతూ మునిరాజన్న కూడా చెప్పాడు, "నొప్పిగా ఉంటే నొప్పని చెప్పుమా" అని. "నీ బండి చూసి తోలు నాయనా" అంది పెద్దమ్మ.

పడుకోబెట్టేటప్పుడు డాక్టరు చెప్పిన మాటలన్నీ నేను ఒక్కటీ వదలకుండా చెప్పాను. తొడలు ఒకదానికొకటి తగలకూడదు. చర్మం చర్మానికి తగిలినచోట వేడి పుట్టి కాలుతుంది. అందుకే మధ్యలో దూది మెత్తలు పెడతారు. మండితే చెప్పాలి, వెంటనే ఆపేస్తారు. మాటిమాటికీ తట్టుకోలేకపోతే మాత్రం ఈ పరీక్షలోంచి తప్పించాల్సి వస్తుంది. ఇన్నింటిలో పెద్దమ్మ పట్టుకున్నది ఆ చివరి మాటొక్కటే అని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

మిషన్ మోత మొదలైంది. పెద్దమ్మ వేళ్లు దుప్పటి అంచు మీద కదులుతున్నాయి. పూలు లేకపోయినా ఆ వేళ్లు పూలు కడుతూనే ఉంటాయి. చూపుడువేలికి లేని దారం చుట్టి, లేని మొగ్గ పెట్టి, ముడి వేసి లాగడం. నిద్రలోనూ అంతే. నేను తెర చూడలేదు. తెర మీది గీతలు నాకు తెలియవు. వేళ్లనే చూస్తున్నాను.

వేళ్లు ఆగాయి.

దుప్పటిని పిడికిట్లో పట్టుకుంది. దుప్పటి కింద మోకాళ్లు రెండూ దగ్గరికి వచ్చి ఉన్నాయి. అంతమంది ముందు కాళ్లు ఎడంగా పెట్టుకుని పడుకోవడం ఆమెకు చేతకాదు.

"పెద్దమ్మా, మండుతోందా?"

"లేదు లేమ్మే."

నేను తెచ్చి ఇవ్వాల్సిన మాట "లేదు". ఇంకోమాట చెబితే పెద్దమ్మను పంపించేస్తారేమో. పంపించేస్తే ఇంకెక్కడికి వెళ్లాలి? ఇంకో చోటు లేదని అక్కడివాళ్లే కదా ఇక్కడికి పంపింది. పిడికిలి ఇంకా బిగిసింది.

"ఏమంటున్నారు?" అన్నారు డాక్టరు.

"లేదంటోంది మేడం" అన్నాను. తర్వాత, "కానీ మండుతోంది. ఆపండి" అన్నాను.

వేడి కొలవడానికి గడ్డలో పెట్టిన తీగ మాత్రం అంతా సరిగ్గానే ఉందని చూపిస్తోంది. డాక్టరు ఒక్కసారి నా వైపు చూశారు. "రియాజ్, ఆపు" అన్నారు. మిషన్ నడిపే రియాజ్ మీట నొక్కాడు. మోత ఆగింది.

దూది మెత్త పక్కకు జారిపోయింది. తొడ లోపలివైపు చర్మం ఎర్రగా కంది, ఒకచోట బొబ్బ లేచింది.

డాక్టరు మందు రాస్తూ కోప్పడలేదు. "నొప్పి చెప్పినందుకు ఎవర్నీ ఆ రోజే పంపించం. చెప్పకపోతేనే మాకు భయం. ఇప్పుడు ఈ కాలిన సంగతి ఈ పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీకి తెలపాలి. కొనసాగించాలో లేదో వాళ్లు చెబుతారు. ఫోను చేస్తాను" అన్నారు. నేను పెద్దమ్మకు చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది.

"వాత పూర్తిగా పడకముందే తీయించేస్తివి" అంది.

ఇంటికొచ్చాక మునిరాజన్న ఏమైందని అడిగితే మాత్రం, "ఆ మిషన్‌కి ఏదో అయిందంటప్పా" అంది. నన్ను ఆయన తిట్టకుండా కాపాడిందో, తన బొబ్బను దాచుకుందో తెలియలేదు.

ఆ తర్వాత ఇంట్లో అందరం ఫోను చుట్టూ తిరిగాం. కొట్టుకు వెళ్లినా నా చెయ్యి ఫోను మీదే. పెద్దమ్మ సంతనుంచి కాకడా పూలు తెప్పించుకుని కడుతూ కూర్చుంది. ఎవరికని అడిగితే, "వేళ్లకి" అంది.

కొట్టుకు సెలవై నేను ఇంట్లో ఉన్న రోజు ఫోను మోగింది. డాక్టరు మేఘన.

"కమిటీ ఒప్పుకుంది. నువ్వు పక్కనే ఉండాలన్నారు. సోమవారం రావచ్చు. కానీ పుండు ఆరి ఉండాలి. ఇంకా మంట ఉంటే వాయిదా వేయాలి. పెద్దమ్మను అడిగి చెప్పు."

ఫోను చెవినుంచి తీసి ఉన్నదున్నట్టు చెప్పాను. వాయిదా అంటే ఏమిటో ఆమెకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. లోపలి గడ్డ ఎవరికోసమూ ఆగదు.

సగం కట్టిన మూర ఆమె ఒడిలో ఉంది. వేళ్లు ఆగాయి. నా ముఖంలోకి చూసింది. ఈసారి ఆమె చెప్పిందే చెబుదామని ఫోను పట్టుకుని నిలబడ్డాను.

"మండుతా ఉండాదని చెప్పు" అంది.

చెప్పాను. అవతల డాక్టరు కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. పెద్దమ్మ ఇంకో మొగ్గ అందుకుంది గాని, ముడి వేయకుండా అలాగే పట్టుకుని, డాక్టరు ఏమన్నారో చెబుతానని నా నోటివైపే చూస్తూ కూర్చుంది.