మాణిక్యాంబగారి కారం డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. సామర్లకోట బజారులో మాణిక్యాంబగారు బేరమాడి నన్ను కొన్నారు. కొట్లోనే మూత మీద చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించారు. మనుషులు తమకు లేని మన్నికను మాకు అప్పగించి నిశ్చింతగా ఉంటారు.

ఏటా వేసవిలో ఆవిడ మిరపకాయలు ఎండబెట్టి, మర పట్టించి, వెల్లుల్లి దంచి కలిపి నాలో నింపేవారు. పోయిన వేసవిలోనూ నింపారు. వానలు పడకముందే కన్నుమూశారు.

భర్త సోమయాజులుగారు వంట నేర్చుకున్నారు. నా అడుగు కనబడుతుందేమోనని ఆయన భయం. కారం సగానికి దిగగానే కొట్లో ప్యాకెట్ తెచ్చి పైన పోసి, కలిపి, కవరు పారేశారు. అలా పోస్తూ ఉంటే ఆవిడ కారం ఎప్పటికీ అయిపోదని ఆయన లెక్క.

మొన్న పేపర్లో వచ్చింది: ఆయన తెచ్చిన ప్యాకెట్ కంపెనీ కారంలో కొంత సరుకులో ఒంటికి హాని చేసే రంగు కలిసిందట. ఫలానా నంబరున్న ప్యాకెట్లు వాడకుండా తిరిగి ఇచ్చేయమన్నారు. ఆయన నన్ను చంకన పెట్టుకుని కొట్టుకు వెళ్లారు.

"కవరేదండీ మాస్టారూ? నంబరు దాని మీదే ఉంటదండి," అన్నాడు కొట్టతను.

"పారేశాను."

"మరి మంచిదో కాదో డబ్బా చెప్పదు కదండీ."

నిజమే, నేను చెప్పలేను.

ఇంటికొచ్చి చెంచాతో నా అడుగు దాకా తవ్వి చూశారు. అంతా ఒకటే ఎరుపు. గిన్నెలు తోముతున్న నాగరత్నం తలెత్తింది.

"పారేత్తారా? అమ్మగారి కారమండి అది. నాకిచ్చేయండి. మేం రాళ్లు తిని అరాయించుకునేవాళ్లం."

"నేను తిననిది నీకెలా ఇస్తానమ్మా? మొన్న గ్లాసుతో పట్టుకెళ్లావు చూడు, అదీ పారెయ్యి."

"సగం కూరల్లో పడిపోయిందండి."

"మిగతాది పిల్లలకు పెట్టకు. ఎవరికైనా నలతగా ఉంటే చెప్పు, డాక్టరుకు చూపిద్దాం."

ఆ తర్వాత నన్ను ఒక కవరులోకి వంచారు. చివర అంటుకున్నది గీకడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ ఏరుకోకుండా నీళ్లు పోసి ముడివేశారు. చింతపండుతో తోమి ఎండలో బోర్లించారు.

సాయంత్రం నన్ను లోపల పెట్టబోతూ, ఎందుకో మూత ముక్కు దగ్గర పెట్టుకున్నారు. వెల్లుల్లి వాసన. కొట్టు కారంలో వెల్లుల్లి ఉండదు. గట్టిగా తుమ్మారు.

"అంచులో ఇంకా ఉందన్నమాట," అనుకుని మళ్లీ కడగడానికి లేచారు.

ఆయన తుమ్మితే వంటింట్లోంచి 'చిరంజీవ' అనే గొంతు ఒకటుండేది. ఇప్పుడు ఆవిడ పేరు ఒక్కటే నా మూత మీద ఉంది. అందుకని ఆ మాట నేనే అనుకున్నాను.