రెండు షాకుల సైకిల్

మానసకు సైకిల్ వచ్చిన రోజు నుంచి సుస్మితకు పొద్దుటి టీ రుచించడం మానేసింది.

అది పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. పెట్టె విప్పింది సుస్మితే, ముందు చక్రం బిగించింది సుస్మితే, హ్యాండిల్ సరిచేసి సీటు ఎత్తు చూసింది కూడా సుస్మితే. మానస పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. మానస ఆమెకు యారాలు, మరిది మహేష్ భార్య. ఆర్మూర్‌లో ఒకే ఇంట్లో కింద మానస కాపురం, పైన సుస్మిత కాపురం. దుబాయ్‌లో ఏసీలు బిగించే పనిలో ఉన్న మహేష్, పెళ్ళిరోజుకు ఏం కావాలని అడిగితే మానస చీరలూ గాజులూ వదిలేసి "అక్క తొక్కుతున్నది గదా, నాకు గూడ సైకిల్ గావాలె" అన్నదట. అతను అక్కడి నుంచే ఆర్డర్ పెట్టేశాడు. అదీ మామూలుది కాదు. ముందు చక్రం దగ్గర ఒక షాకబ్జర్, సీటు కింద ఇంకొకటి. ఫుల్ సస్పెన్షన్. నేరేడు పండు రంగు. సీటు మీద చెయ్యి పెట్టి నొక్కితే మెత్తగా దిగి, మళ్ళీ లేచేది.

సుస్మిత ఆ సీటును రోజుకొకసారి నొక్కి చూసేది. ఎవరూ లేనప్పుడు.

ఆదివారం పొద్దున సిద్ధుల గుట్టకు సైకిళ్ళ మీద వెళ్ళే గుంపులో మొదట చేరిన ఆడమనిషి సుస్మిత. పెద్ద చక్రాల పాత గేర్ల సైకిల్ మీదే ఘాట్ రోడ్డు ఆగకుండా ఎక్కేది. "సుస్మిత మేడమ్‌ను జూడుండ్రి" అని మగవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ మాట కోసం ఆమె నిద్ర మానుకునేది. ఇప్పుడు గుంపంతా మానస సైకిల్ చుట్టూ మూగుతున్నది. ఎంత బరువుందో లేపి చూస్తున్నారు, సెల్ఫీలు దిగుతున్నారు. మానస గుట్ట సగం ఎక్కి, దిగి నడిపించుకుంటూ వచ్చినా ఎవరికీ పట్టింపు లేదు.

"నీకు గూడ కొత్తది కొందాం తియ్" అన్నాడు భర్త రాజేశ్వర్ ఒక రోజు, ఆమె ముఖం చూసి. అతనిది మార్కెట్ యార్డు దగ్గర గోనె సంచుల దుకాణం. "నిజామాబాద్ సైకిల్ షాపుల సురేశ్‌ను అడుగు. ఏది మంచిదో అదే పంపిస్తడు."

సురేశ్‌ను అడిగింది. "మీరు ఎక్కువ ఎక్కుడే గదా మేడమ్. ఒక షాకుదే తీస్కోండి, హార్డ్‌టెయిల్. ఎన్క బిగువుగ ఉంటది, తొక్కిన బలమంత చక్రానికే పోతది. రెండు షాకులదైతే ఎక్కేటప్పుడు సగం బలం స్ప్రింగే తింటది. బరువు గూడ ఎక్కువ. రాళ్ళ మీద దబదబ దిగేటోల్లకైతే అది" అన్నాడు.

"నాకు రెండు షాకులదే గావాలె" అన్నది సుస్మిత.

"మీ ఇష్టం మేడమ్. గని ఎందుకు?"

కింది ఇంట్లో ఉన్నది కాబట్టి అని చెప్పలేకపోయింది. ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేసింది.

ఆలోచించడానికి వీడియోలు చూసింది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ చూసింది. ఫోర్కు ఎంత దిగాలి, టైరులో గాలి ఎంత ఉండాలి, డిస్క్ బ్రేకు ఎలా పట్టుకుంటుంది, అన్నీ వంటబట్టాయి. డిస్కు మీద వేలి జిడ్డు కూడా అంటకూడదని, అంటితే బ్రేకు పట్టదని ఒకాయన చేతులకు తొడుగులు వేసుకుని మరీ చూపించాడు. మానస ఒక్క వీడియో చూసిన పాపాన పోలేదు. బ్రేకు ఎక్కడుందో, గేరు ఎటు మార్చాలో ఇప్పటికీ పైకి అరిచి అడుగుతుంది. తెలిసిన మనిషి దగ్గర సైకిల్ లేదు. సైకిల్ ఉన్న మనిషికి తెలియదు. అంట్లు తోముతున్నప్పుడు ఈ సంగతి గుర్తొస్తే సుస్మిత చేతిలో గిన్నెలు గట్టిగా మోగేవి.

శనివారం నాడు, ఇక రేపో మాపో సురేశ్‌కు ఏదో ఒకటి చెప్పెయ్యాలనుకుని, మెట్లు దిగి మానసను అడిగింది. "ఒక్కపారి నీ సైకిల్ ఆలూర్ దాంక తీస్కపోదునా? అత్తమ్మకు టిఫిన్ ఇచ్చొస్త."

"అడుగుడేందక్కా, తీస్కపో!" మానస తాళంచెవి చేతిలో పెట్టింది. "దినమంత తొక్కు. నాకేం పని?"

గునిసి ఉంటే బాగుండేది. కనీసం ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చినా బాగుండేది. టిఫిన్ డబ్బా పెట్టడానికి వెనక క్యారియర్ లేదు, రెండు షాకులదానికి అది బిగించడానికి వీలు కాదు. డబ్బాను సంచిలో వేసి వీపుకు తగిలించుకుని బయలుదేరింది.

ఆలూర్ దారిలో ఎత్తు వచ్చిన చోటల్లా సైకిల్ ఆమె కింద ఉయ్యాలలా ఊగింది. సురేశ్ చెప్పిందే నిజం, బలం ఎటో ఇంకిపోతున్నది. కానీ పొలం దారిలోకి తిరగ్గానే, ట్రాక్టర్ చక్రాల చాళ్ళూ రాళ్ళూ గతుకులూ ఉన్న చోట, ఆ బండి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. నడుముకు ఒక్క దెబ్బ తగల్లేదు. సుస్మితకు ఏడుపొచ్చినంత పనైంది. బాగా లేకపోతే ఎంత బాగుండేది!

కళ్లంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండకు పరిచి ఉన్నాయి. అత్త భాగ్యవ్వ పందులు రాకుండా కట్టె పట్టుకుని కావలి కూర్చున్నది. సైకిల్‌ను చూసి లేచింది.

"గీ బండి మానసది గదా? దీనికి పసుపు వెట్టిండ్రా?"

"లేదత్తమ్మా. కొరియర్ల వచ్చింది గదా, గట్లనే తొక్కుతున్నది."

"గట్లనే ఎట్ల తొక్కుతరే!" భాగ్యవ్వ కట్టె కింద పడేసింది. ట్రాక్టర్ కానీ, తూకం కాంటా కానీ, పసుపు గీకే డ్రమ్ము కానీ, కళ్లంలోకి కొత్త ఇనుము ఏదొచ్చినా పసుపు పెట్టనిదే కుప్ప దగ్గరికి రానియ్యదు ఆమె. గుడిసెలోకి పోయి గిన్నెలో పసుపు వేసుకుని, సీసాలోంచి నువ్వుల నూనె వంచింది. "నీళ్ళతోటి కలిపితె ఇనుముకు అంటది, ఎండంగనే రాలుతది. నూనైతె పట్టుకుంటది."

హ్యాండిల్‌కు పెట్టింది. సీటు కింది షాకబ్జర్‌కు పెట్టింది. తర్వాత చక్రాల దగ్గర వంగింది. చక్రం నడుమ పళ్ళెం లాంటి డిస్కు ఎండకు మెరుస్తున్నది.

"గిదేందే, దేవుని చక్రం లెక్కున్నది?" అన్నది భాగ్యవ్వ, వేలు గిన్నెలో ముంచి.

సుస్మితకు తెలుసు. ఆ వేలు ఎటు పోతున్నదో, పోతే ఏమవుతుందో తెలుసు. వద్దత్తమ్మా అనడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే భాగ్యవ్వ, "నా చిన్న కోడలు అదృష్టమంతురాలు. గసోంటి మొగడు దొరుకుడు" అన్నది.

సుస్మిత నోరు మూసుకున్నది.

వేలు డిస్కు చుట్టూ తిరిగింది. ముందు చక్రానిదీ, వెనక చక్రానిదీ, అంచు అంచంతా. ముసలామె ఏ పనీ సగంలో వదలదు.

తిరుగుదారిలో మొదటి పల్లంలోనే బ్రేకు కీచుమన్నది, ఆ తర్వాత అదీ అనలేదు. కాళ్ళు నేలకు రాస్తూ ఆపుకున్నది. చున్నీతో డిస్కు తుడిచింది. పసుపు పోయింది, నూనె పోలేదు. తుడిచిన కొద్దీ ఇంకా నిగనిగలాడింది. ఇంటికి పోయి చెప్పాలనుకున్నది.

ఇంటికి వెళ్ళేసరికి మానస వీడియో కాల్‌లో ఉన్నది. "గిదో, అక్కొచ్చింది! ఏమయ్యా, అక్క ముంగట నేనేం తొక్కుత? ఆమె గుట్ట మొత్తం ఆగకుండ ఎక్కుతది" అని ఫోను ఇటు తిప్పింది.

"వదినకేంది, అన్న అంతకన్న మంచిది కొనిస్తడు" అని నవ్వాడు మహేష్ తెరలోంచి.

సుస్మిత కూడా నవ్వి, తాళంచెవి టీవీ పక్కన పెట్టి పైకి వెళ్ళిపోయింది. రేపు పొద్దున చెప్దాం అనుకున్నది. ఆదివారం పొద్దున గేటు దగ్గర మానస హెల్మెట్ పట్టీ తనే బిగించింది, కానీ చెప్పలేదు. గుట్ట దాకా చదును దారే, ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది, పైకి పోయాక చెప్పొచ్చు అనుకున్నది.

ఆ రోజు సుస్మిత ఎప్పుడూ ఎక్కనంత వేగంగా గుట్ట ఎక్కింది. మలుపుల్లో నల్లటి బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి దొంతరలుగా వెనక్కి పోతున్నాయి. పైన పార్కింగ్ దగ్గర అందరికన్నా ముందు ఆగి, కిందికి చూసింది. మానస చివరన వస్తున్నది. ఊగుతూ, దిగుతూ, నడుస్తూ, మళ్ళీ ఎక్కుతూ. చూస్తుంటే సుస్మిత గుండెల్లో చల్లగా అయింది.

"నీ కాళ్ళకు మొక్కాలె అక్కా!" మానస చెమటలు కక్కుతూ వచ్చి నవ్వింది. "ఎక్కుడు నీ వంతు, దిగుడు నా వంతు. ఇగ జూడు, గాలి లెక్క పోత." నీళ్ళు తాగి, సైకిల్ కిందికి తిప్పి, సీటు మీద కూర్చున్నది. షాకబ్జర్ మెత్తగా దిగింది. మొదటి మలుపు దగ్గర రోడ్డు పక్కన రాయి కట్ట, దాని అవతల లోయ. ఒక్క కాలు నేల మీద ఉన్నది, అది కూడా లేస్తున్నది.

"మానసా, దిగు!"

గొంతు అంత పెద్దగా వస్తుందని సుస్మిత అనుకోలేదు. అందరూ తిరిగి చూశారు. ఆమె అప్పటికే పోయి హ్యాండిల్ పట్టుకుంది.

"ఏందక్కా?"

"బ్రేకులు వడయి. డిస్కుకు నూనె అంటింది."

మానస దిగి, సైకిల్‌ను ముందుకు తోస్తూ బ్రేకు నొక్కింది. చక్రం ఏమీ పట్టనట్టు తిరిగింది. మళ్ళీ గట్టిగా నొక్కింది. తిరిగింది.

"ఎప్పుడంటింది?"

"నిన్న. కళ్లంల అత్తమ్మ పసుపు వెట్టింది."

"నువ్వు ఆడనే ఉన్నవా?"

సుస్మిత వంగి, చున్నీ కొసతో డిస్కు తుడవబోయింది. మానస కాసేపు ఆమె ముఖం చూసి, సైకిల్ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. సుస్మిత కూడా తన సైకిల్ తెచ్చుకుని, ఎక్కకుండా పక్కనే నడిచింది. గుంపులోని వాళ్ళు ఒక్కొక్కరే ఝుయ్యిమని వాళ్ళను దాటిపోయారు. సగం దిగాక మానస అన్నది, కోపంగా కాదు, అదే సుస్మితకు తట్టుకోలేనిది: "గంత మనసైతె ఉంచుకొమ్మంటుంటి గదక్కా. నేనేం కాదంటుంటినా?"

కింద టీ బండి దగ్గర అందరూ ఏమైంది ఏమైందని మూగారు. సుస్మిత గ్లాసు పట్టుకుని తల వంచుకున్నది. ఇప్పుడు చెప్తుంది, అందరి ముందరే చెప్తుంది అనుకున్నది.

"బ్రేకు వోయింది" అన్నది మానస. "అక్క జూసింది గాబట్టి బతికిన. లేకుంటె ఇయ్యాల నా బొక్కలు ఏరుకుంటుండ్రి."

"సుస్మిత మేడమంటె సుస్మిత మేడమే" అన్నారు ఎవరో.

ఏ మాట కోసం ఇన్నాళ్ళూ నిద్ర మానుకున్నదో ఆ మాట అది. టీ సగంలోనే గ్లాసు బండి మీద పెట్టేసింది. ఇంత తేలిగ్గా ఎదుటి మనిషి పరువు కాపాడెయ్యడం తనకు వచ్చేనా అనుకుంటే, దానికీ మానస మీదే మంట పుట్టింది.

ఆ సాయంత్రం రాజేశ్వర్ అడిగాడు. "సురేశ్ ఫోన్ జేసిండు. ఏది పంపమంటవ్?"

"ఒక షాకుది."

"రెండు షాకులదే అని నా ప్రాణం తీస్తివి గదనే!"

"నేను ఎక్కుడెక్కువ. బరువు తక్కువుండాలె. ఎన్క క్యారియర్ గూడ వడుతది, అత్తమ్మకు టిఫిన్ కొండవోతందుకు." ఈ మాటలన్నీ ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. నోటితో అనడం ఇదే మొదలు.

"ముందుగాల మానస బండికి కొత్త బ్రేకు ప్యాడ్లు పంపమనుండ్రి" అని కూడా అన్నది.

హార్డ్‌టెయిల్ వచ్చిన రోజు భాగ్యవ్వ ఆలూర్ నుంచి ఆటోలో దిగింది, పసుపూ నూనె కలిపిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని. హ్యాండిల్‌కు పెట్టింది. సీటుకు పెట్టింది. చక్రం దగ్గర వంగి వేలు ముంచింది.

"గా గుండ్రటిదానికి వద్దత్తమ్మా!" మానస ఒక్క అంగలో వచ్చి ముసలామె మణికట్టు పట్టుకున్నది. "దానికి నూనె అంటితె అక్క వడ్తది."

"గదేందే? నీ దానికి వెడితిని గదా?"

"గందుకే జెప్తున్న."

భాగ్యవ్వ గొణుక్కుంటూ ఆ వేలు తీసుకుపోయి క్యారియర్‌కు రాసింది. సుస్మిత కదలకుండా నిలబడింది. ఎంత తొందరగా అన్నది! ఆలోచించను కూడా లేదు. ఆనాడు కళ్లంలో అదే వేలును చూస్తూ, తనెంత సేపు నిలబడింది?

"ఎక్కక్కా, ఒక రౌండ్ గొట్టిరా" అన్నది మానస.

"నువ్వే ఎక్కు ముందుగాల."

మానస రెండోసారి చెప్పించుకోలేదు. ఎక్కి కూర్చుని గల్లీలో సర్రున పోయింది. ఊగలేదు, దిగలేదు. పాల కేంద్రం దగ్గరి ఎత్తును కూడా ఒక్క ఊపులో ఎక్కి, అక్కడి నుంచి చెయ్యి ఊపింది. గేటు దగ్గర నిలబడి సుస్మిత కూడా చెయ్యి ఊపింది. ఆ సైకిల్ తనదే. అయినా మానస కూర్చుంటే అది ఇంకా బాగున్నట్టు కనిపించింది. తనకెందుకు ఎప్పుడూ ఇట్లాగే కనిపిస్తుందో అనుకుంటూ, తిరిగి వస్తున్న ఆమె కోసం గేటు రెక్క వెడల్పుగా తెరిచి పట్టుకున్నది.