లింబాద్రి ఎడమ చెయ్యి

1979లో దుబాయిలోని డేరా బజారులో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. లైసెన్సు నాకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్ పేరున, బడాయి నా పేరున. పాస్‌పోర్టు ఫొటోలతో రోజులు గడిచేవి గానీ, నేను మాత్రం గొప్ప కళాకారుణ్ణనుకునేవాణ్ణి. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఓ లావుపాటి పుస్తకం నన్నలా పాడుచేసింది. వందేళ్ల కిందట స్టూడియోల్లో దొరల ఫొటోలు ఎలా తీసేవారో అందులో ఉంది. కరెంటు దీపాలు లేని రోజులు గనక, గాజు పైకప్పులోంచి ఒక పక్క నుంచే వెలుగు రానిచ్చేవారు. సగం మొహం వెలుగు, సగం నీడ. చాలాసేపు కదలకుండా కూర్చోవాలి గనక మెడ వెనక ఇనప కొక్కెం పెట్టేవారు. నా కెమెరాకు రెప్పపాటు చాలు. అయినా కొక్కెం చేయించాను.

లింబాద్రి జగిత్యాల దిక్కు కూలీ. వస్తూనే రెండు చేతులూ చూపించాడు.

"అన్నా, మా క్యాంపుల ఇంకో లింబాద్రికి ఎడమ చెయ్యి వోయింది. ఊర్లె నాకే వోయిందని ఖబర్ వోయింది. మా అవ్వ అన్నం ముడ్తలేదట. ఉత్తరం రాయిస్తే, రాసింది వేరేటోళ్లు గదా అన్నదట. క్యాసెట్ల మాట్లాడి పంపితే, గొంతుకు చేతులుంటయా అన్నదట. జెర నన్ను నిండుగ తియ్యి."

"నాకు వదిలెయ్ తమ్ముడూ" అన్నాను.

వదిలేశాడు పాపం. అద్దె కోటు తొడిగి, మెడకు కొక్కెం ఆనించాను. దుప్పటి వెనక ఒకే ఒక్క బల్బు వెలిగించాను. కుడి చెయ్యి బల్ల మీద చక్కగా అమరింది. ఎడమ చెయ్యే ఎటు పెట్టినా నప్పలేదు. పుస్తకంలో ఒక దొర చేతిని కోటు గుండీల మధ్య దోపుకున్నాడు. నేనూ అలాగే దోపించాను.

"చెయ్యి కనవడ్తదా అన్నా?"

"కదలకు" అన్నాను.

ఆ ఫొటో చూసుకుని మురిసిపోయాను. వేలిముద్రలు పడతాయని లింబాద్రి చేతికివ్వకుండా కవరు నేనే అంటించి, నేనే పోస్టు చేశాను.

నెల తిరగ్గానే లింబాద్రి ఉత్తరంతో వచ్చాడు. తనకు చదువు రాదు గనక నన్నే చదవమన్నాడు. ఊరి పంతులు రాశాడు: "ఫొటో చూసి మీ అమ్మ భూమవ్వ పడిపోయింది. ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టి, లేనిచోట కోటు కప్పారని ఏడుస్తోంది. సగం మొహం కూడా కాలిపోయిందని ఊరంతా అనుకుంటున్నారు."

వెలుగునీడల గురించి పావుగంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అదంత సరే అన్నా. మా అవ్వ గిట్లనే సచ్చిపోతే, అప్పుడు ఏ దిక్కుకెల్లి వెలుగు కొడ్తవ్?"

దుప్పటి లాగేశాను, కోటు విప్పించాను. ఉన్న లైట్లన్నీ వేసి, ఎదురుగా ఫ్లాషు కొట్టాను. రెండు అరచేతులూ ముందుకు చాపి, పోలీసులకు దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. ఆ ఫొటో వెనక నా స్టూడియో ముద్ర వెయ్యడానికి సిగ్గేసి మానేశాను.

మళ్లీ ఉత్తరం వచ్చింది. భూమవ్వ ఫొటోను ఎండలో పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమిందట. ఎడమ అరచేతిలో చిన్నప్పటి కొడవలి గాటు కనబడగానే "నా కొడుకే" అని లేచి, అన్నం పెట్టమందట. అక్కడిదాకా చదివి, ఉత్తరం మడిచి అతని చేతిలో పెట్టాను.

"మంచిగ తీసినవన్నా" అన్నాడు లింబాద్రి, కళ్లు తుడుచుకుంటూ.

ఆ గాటు నేను చూడనే లేదు. చూసి ఉంటే, అందంగా లేదని నెగెటివ్ మీదే పెన్సిలుతో దిద్ది చెరిపేసేవాణ్ణి.