రొయ్యల డబ్బా మీది మొహం

మా ఆయన రామకోటయ్య ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో అంగడి లైసెన్సు పనిమీద పోయి, అక్కడ స్టూడియోలో ఒకటి తీయించుకున్నాడు. అది చేతికి రాకముందే విషజ్వరంతో పోయాడు. తర్వాత ఆ స్టూడియో కూడా మూతపడింది.

రెండేళ్లకు మా మరిది నాగసుబ్బయ్య కడప బజారు నుంచి ఒక డబ్బా తెచ్చి గడప అవతలే పెట్టాడు. ఎండురొయ్యల డబ్బా. దాని చుట్టూ అంటించిన కాగితంలో మా ఆయన నవ్వుతున్నాడు.

"ఏం రాసుండాదప్పా?" అన్నాను. అప్పటికి నాకు అక్షరాలు రావు.

"డాక్టరు గారు రోజూ తినే రొయ్యలంట, వదినా. కోడిగుడ్డు కనపడితే మొహం తిప్పుకునే మనిషిని! ఆ స్టూడియోవాడే ఫొటో అమ్ముకున్నట్టుండాడు. ఈ డబ్బా చేసిన మద్రాసు కంపెనీ మీద దావా వేస్తా."

వేశాడు. నన్ను బోనెక్కించారు. కంపెనీ వకీలు డబ్బా ఎత్తి చూపించాడు.

"ఇట్లాంటి మొహాలు శానా ఉంటాయమ్మా. మీ ఆయనే అని ఎట్లా చెప్తావు?"

"చెవి మీద పెన్సిలు చూడండి. అంగట్లో లెక్క రాసి అక్కడ పెట్టుకునేవాడు. తీయడం మరిచిపోయినట్టుండాడు."

మా వకీలు లేచాడు. "చెవి మీద పెన్సిలు పెట్టుకునే డాక్టరు యాడన్నా ఉండాడా సార్?"

కోర్టంతా నవ్వింది. నేను డబ్బా వైపే చూస్తూ నిలబడ్డాను.

గెలిచాం. బజారులో దొరికిన డబ్బాల మీది కాగితాలన్నీ పీకి తగలబెట్టమని జడ్జిగారు తీర్పిచ్చారు. కోర్టు వెనక గుట్టగా పోసి కిరసనాయిలు తెచ్చారు.

"ఒకటి ఇప్పించప్పా," అన్నాను మరిదితో.

"నీసు కాగితం ఇంట్లోకా? ఇంత కొట్లాడింది పరువు కోసం కదా వదినా!"

"ఆయన మొహం ఇంక యాడా లేదు."

"అది తెస్తే నీ పొయ్యి వేరు. నా పెండ్లాం నీ చేతి నీళ్లు గూడా తాగదు."

వంగి ఒకటి తీసుకున్నాను. మిగతావాటికి నిప్పు పెట్టారు.

ఆ సాయంత్రమే వసారా మూలన నాకు వేరే పొయ్యి వేశారు. కాగితంలో రొయ్యల బొమ్మ, రాతలు కత్తెరతో తీసేశాను. మొహం, చెవి, పెన్సిలు మిగిలాయి. ఎండలో పెట్టినా వాసన పోలేదు. బియ్యం డబ్బా మూత లోపల అంటించాను.

ఈ మధ్య చదువు నేర్చుకున్నాక చూస్తే, గడ్డం కింద 'డా' అని ఒక అక్షరం మిగిలిపోయి ఉంది. కత్తెర తెచ్చాను. తీయబోతే గడ్డం తెగుతుంది.

కత్తెర పక్కన పెట్టి, సోలెడు బియ్యం తీసుకుని మూత వేశాను.