పదకొండు మందిలో ఒకరు

సుహాసిని ఫోను టింగుమంది. జాకెట్టుకు కొలత తీస్తున్న నస్రీన్ చేతిలోని టేపు ఆమె భుజం మీదే ఆగిపోయింది.

"కృపదే," అంది సుహాసిని మురిసిపోతూ. "రోజు పొద్దుగాల్నే పంపుతది. జర చూడు. 'నా గుండెకు దగ్గరైన పదకొండు మందికే పంపుతున్న. మీరూ పదకొండు మందికి పంపుండ్రి.' నీకు రాలేదా?"

"వచ్చింది," అంది నస్రీన్.

రాలేదు. నస్రీన్ గద్వాలలో కుట్టు మిషను పెట్టినప్పటి నుంచి కృప ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఇటిక్యాలలో అంగన్‌వాడీ టీచరు. కొత్త ఫోను కొన్నాక కృపకు ఇదే పిచ్చి పట్టింది. పూలు, వాక్యాలు, పంపకపోతే కీడంటూ బెదిరింపులు. ఎండాకాలంలో ఓ రోజు నస్రీన్ విసిగిపోయి, "గీ చెత్త నాకు పంపకే" అని అరిచింది. ఆ కోపంలోనే ఫోనులోంచి కృప పేరు తీసేసింది. అంతే, అన్నీ ఆగిపోయాయి. పీడ వదిలిందనుకుంది.

ఇప్పుడా పీడ సుహాసిని ఫోనులో వెలుగుతోంది. కృపకు మొన్న మొన్న పరిచయమైన సుహాసిని!

"చేతులు జర లూజు పెట్టు," అంది సుహాసిని.

"పెడత," అని నస్రీన్ అరంగుళం తగ్గించి రాసుకుంది.

సుహాసిని గడప దాటగానే నస్రీన్ కృప నంబరు నొక్కింది. వేళ్లకది కంఠతా వచ్చు.

"ఏందే కృపా! నీ పదకొండు మందిల సుహాసిని ఉంది, నేను లేనా?"

"ఒక్కసారి నొక్కితే అందరికి పోయే లిస్టుల మొదటి పేరే నీది. రోజు పంపుతనే ఉన్న."

"నాకు ఒక్కటి రాలే. నేను తిట్టిన్నని ఆపినవు."

"నువ్వు తిడితే ఆపుతనా?" అవతల పిల్లల గోల. "ఆగాగు. నా నంబరు పేరు పెట్టి దాచుకోనోళ్లకు లిస్టు మెసేజులు పోవంట. తీసేసినవా ఏంది?"

నస్రీన్ గుడ్డ లేకుండానే మిషను తొక్కింది.

"గా చప్పుడేంది? అడిగింది చెప్పు."

"ఫోను ఖరాబైండె."

"మరి నా నంబరెట్ల దొరికింది?"

"నీ నంబరు ఫోన్ల చూసి కొడతనా నేను?"

కృప గొంతు తగ్గించి, "పేరు పెట్టుకో. మల్ల పంపుత," అంది.

పేరు పెట్టగానే మెసేజు వచ్చింది. గులాబీలు, కింద బెదిరింపు. నస్రీన్ ఈసారి తిట్టలేదు. బుద్ధిగా పదకొండు మందిని వెతికింది. మొట్టమొదట సుహాసినికి పంపింది. తనకూ వచ్చిందని ఆమెకు తెలియాలి.

ఆ తర్వాత కొలతల చీటీ తీసి, చేతుల దగ్గర పావంగుళం మాత్రం తిరిగి కలిపింది.