ఇరవై ఆరు ఎందుకొస్తుంది

పొద్దున్న గిన్నెలు తోముతుంటే వెనకనుంచి అత్తగారు, "రెండో క్లాసు తీసివేతలు చెప్పడానికి ముగ్గురు కూర్చుని ఆలోచించాలా తల్లీ?" అన్నారు. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వారు. "శనివారం అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. ఆ పాఠమేదో ఇంకెవరికైనా అంటగట్టు." నేను ఇంకో గిన్నె అందుకున్నాను. పదకొండేళ్లుగా జవాబివ్వకపోవడంలో బాగా చెయ్యి తిరిగింది.

శనివారం చుట్టుపక్కల బడుల టీచర్లందరి ముందూ మా రెండో క్లాసు పిల్లలకి చెప్పాల్సిన పాఠం అది. చెప్పాలని నాకెంత ఆశో ఇంట్లో ఎవరికీ తెలియదు. సాయంత్రం బడి వదిలాక పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం: నేను, మేమంతా పెద్దక్క అని పిలిచే సీనియర్ టీచరు, లెక్కల సారు. పిల్లలు ఏ తప్పులు చేస్తారో ముందే రాసుకోవడం మా పద్ధతి. "యాభై రెండులోంచి ముప్ఫై ఎనిమిది తీసేయమంటే సగంమంది ఇరవై ఆరు అంటారు" అన్నాను. "అజాగ్రత్త" అన్నారు సారు.

కాదు. రెండులోంచి ఎనిమిది పోదు కనక, వాళ్లు ఎనిమిదిలోంచి రెండు తీసేస్తారు. ఎప్పుడూ పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని ఎవరో నూరిపోశారు. ఎవరో ఏమిటి నా మొహం, నేనే. పోయినేడాది, ఒకటో క్లాసులో. ఇంట్లో అయితే ఇలాంటివి చచ్చినా ఒప్పుకోను. పెళ్లైన కొత్తలో పాలు మాడ్చానని ఒప్పుకున్న పాపానికి ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ కథే చెబుతారు. అయినా ఇక్కడ చెప్పేశాను.

పెద్దక్క కలం తీసి, "అయితే అప్పుడేం చెప్పి ఉండాల్సిందంటావ్?" అంది. దెప్పలేదు, నవ్వలేదు, పెద్ద మనసుతో క్షమించనూ లేదు. తప్పు చేశాక నన్నెవరూ అలా అడగలేదు. పదేసి పుల్లల కట్టలతో మొదలుపెడదాం, విడి పుల్లలు చాలనప్పుడు కట్ట పిల్లలచేతే విప్పిద్దాం, అంకెలు ఆ తర్వాతే అంటూ గంటసేపు నేనే మాట్లాడాను. పెద్దక్క అంతా రాసుకుంది.

సారు ఆ కాగితం అందుకున్నారు. "బ్రహ్మాండంగా ఉందండీ. శనివారం నేను చెప్పేస్తాలెండి. మీకు ఇంట్లో పనులుంటాయిగా."

"పర్లేదు సార్. తప్పు నేర్పింది నేను. పాఠం నేనే చెప్తాను."

"మరి ఇంట్లో అడగొద్దూ?"

"అడగను సార్. వెళ్తున్నానని చెప్తాను."