గౌరవం అని పిలిచినప్పుడు

మా పల్లెల్లో ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట నిలబడి "గౌరవం!" అని కేకేస్తారు. లోపలివాళ్ళు "మర్యాద!" అని బదులిస్తేనే అడుగు పెడతారు. పల్లె వదిలి రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కి వచ్చి ఇన్నేళ్ళయినా అమ్మ ఆ అలవాటు మానలేదు.

ఆ మధ్యాహ్నం ముఠావాళ్ళు పై వీధిలోని ఇళ్ళు తగలబెడుతూ కిందికి దిగుతున్నారు. అమ్మా నేనూ మంచం కింద దూరాం. కాల్పులు కాస్త ఆగాయి. అంతలో గుమ్మం దగ్గర ఎవరో "గౌరవం!" అన్నారు.

నేను తన నోరు మూసేలోపే అమ్మ "మర్యాద!" అనేసింది.

"చంపావు కదమ్మా! లోపల మనుషులున్నారని నువ్వే చెప్పేశావు!"

"ఇంత చదివావు, ఆ మాత్రం తెలీదటే? కొంపలు తగలబెట్టేవాడు గౌరవమని పిలుస్తాడా?" అంది అమ్మ.

"నేనే వదినా, ఎలియానాని," అంది బయటి నుంచి మా పక్కింటావిడ. "పక్క సందు దాకా వచ్చేశారు. లేవండి, లేవండి!"

ముగ్గురం మురుగు కాలువ వెంట పరుగెత్తాం. వెనక కాల్పులు మళ్ళీ మొదలయ్యాయి. అమ్మకు ఆయాసం వచ్చి ఇక కదల్లేనంది. ఎదురుగా నీలం తలుపున్న ఇల్లు కనిపించింది.

"గౌరవం!" అంది అమ్మ. జవాబు రాలేదు. నేనూ, ఎలియానా కూడా అరిచాం. లోపల ఎవరికో దగ్గు మొదలై, సగంలో ఆగిపోయింది. నేను మూయలేకపోయిన నోరు అక్కడ ఎవరో మూశారు.

కాల్పులు దగ్గరయ్యాయి. "పదమ్మా," అని లాగాను.

"ఆగవే, మర్యాద అంటారు," అని అమ్మ ఆ గుమ్మం ముందే నిలబడిపోయింది.